మీనాక్షి పుట్టిన రేవు

చైనాలో ఒక రేవు పట్నం ఉంది. దాని చరిత్ర నాకు మా ఊరి చరిత్ర కంటే బాగా వచ్చు. కోరి నేర్చుకున్నది కాదు. రెండేళ్ళపాటు శని, ఆదివారాల్లో ఇంటికొచ్చి మరీ నా చెవిలో పోశారు.

పోసినవారు దామోదర్‌గారు. ఈ పరాయిదేశంలో క్యారీ అనే ఊళ్ళో మేం అద్దెకున్న ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటారు. కాకినాడవారు. కెమిస్ట్రీలో డాక్టరేటు చేసి ఇక్కడ మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నారు. మా ఆవిడ మీనాక్షిని చెల్లెమ్మా అని పిలుస్తారు కాబట్టి నేను ఆయనకు బావగారిని. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఏదో ఒకటి అని పంపించేసేవాణ్ణి.

మీనాక్షి నర్సు. డెబ్భై తొమ్మిదిలో పక్కనున్న రాలీలో ఒక ఆస్పత్రివాళ్ళు పిలిస్తే వచ్చింది. మరుసటి ఏడు నేను మా ఊరు ఇంజరంలో చేసుకుంటున్న కౌలు వదిలేసి వెనకాల వచ్చాను. పిల్లలు లేరు. నా వీసా మీద పని చెయ్యకూడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పొలంలో ఉన్నవాణ్ణి, ఇక్కడ భార్యను ఆస్పత్రి దగ్గర దింపి, తిరిగొచ్చి అంట్లు తోమి, మధ్యాహ్నం పెరట్లో గోంగూర మడికి నీళ్ళు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఇక్కడి మట్టి ఎర్రన. తడిస్తే బంక, ఎండితే రాయి. దానితోనైనా పోట్లాడే వీలుంది. కాగితాలతో అదీ లేదు.

గ్రీన్ కార్డు వస్తేనే నాకు పని. అంతకంటే ముఖ్యం, మీనాక్షి పర్మిట్ ఎనభై నాలుగు జూన్‌తో అయిపోతుంది. ఇక పొడిగించబోమని ఆస్పత్రికి చెప్పేశారు. ఈలోగా కార్డు రాకపోతే ఇద్దరం వెనక్కి పోవాలి. పోయి నిలబడటానికి అక్కడ మడి లేదు. నేను వదిలిన కౌలు ఆ వారంలోనే ఇంకొకరు తీసుకున్నారు.

కార్డు సంగతిలో ఎవరు ఏ దేశంలో పుడితే ఆ దేశం వరసలో నిలబడాలి. కొన్ని దేశాల వరస కదలదు, కొన్నింటిది పరిగెత్తుతుంది. మీనాక్షి పాస్‌పోర్టులో పుట్టిన ఊరు యానాం అని ఉంది. అది నిజం కాదు, అలాగని అబద్ధమూ కాదు. మా వైపు బడిలో వేసేటప్పుడు మేష్టారు "ఏ ఊరమ్మా మీది?" అంటారు. తండ్రి తన ఊరు చెబుతాడు. ఆయన అదే రాసుకుంటారు. పురుడు ఎక్కడ పోశారని అడిగినవాడు లేడు. మన ఊరు వేరు, పుట్టిన ఊరు వేరు అనేది మాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

మా మామగారిది యానాం. అప్పట్లో యానాం ఫ్రెంచివాళ్ళది. ఆయన వాళ్ళ దగ్గర గుమాస్తాగా చేరితే ఓడెక్కించి సైగాను పంపారు. అక్కణ్ణుంచి చైనాలో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఫోర్‌బయార్ అనే రేవు పట్నానికి పంపారు. మీనాక్షి అక్కడే పుట్టింది. తనకు ఐదేళ్ళప్పుడు తల్లి అక్కడే పోయింది. యుద్ధం అయ్యాక మామగారు పిల్లను చంకనేసుకొని యానాం చేరారు. ఆ ఊరి మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. మీనాక్షి కూడా ఎత్తదు. నేను అడగలేదు.

ఎనభై రెండులో ఆస్పత్రివాళ్ళు కార్డుకు అప్లై చేస్తామన్నారు. కాగితాలు నింపడానికి దామోదర్‌గారు సాయం వచ్చారు. పెట్టెలో పాస్‌పోర్టు వెతుకుతుంటే అడుగున మీనాక్షి పుట్టినప్పుడు ఫ్రెంచివాళ్ళు ఇచ్చిన కాగితం ఆయన కంటబడింది. దాన్ని తీసి వెలుగులో పెట్టి చూశారు. ఆ మొహంలో వెలుగు చూడగానే నాకు భయం వేసింది.

"చెల్లెమ్మా, నువ్వు ఇండియా వరసలో ఎందుకు నిలబడాలమ్మా? నువ్వు పుట్టింది ఫ్రెంచి గవర్నమెంటు కింద. ఫ్రాన్స్ లైన్ ఎంప్టీ. ఈగలు తోలుకుంటున్నారక్కడ."

పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయమని నేనన్నాను. బావగారూ మీకు తెలియదు, ఇవన్నీ టెక్నికల్ అన్నారు. మీనాక్షి డ్యూటీ చేసి అలిసిపోయి వచ్చింది. పుట్టింది అక్కడే కదా, అబద్ధం రాయడం లేదు కదా అని సంతకం పెట్టింది. పుట్టిన పట్నం ఫోర్‌బయార్, దేశం ఫ్రాన్స్ అని వెళ్ళింది.

నాలుగు నెలలకు ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఫోర్‌బయార్ పేరుతో న్యూ మెక్సికోలో ఒక ఊరుందట. అక్కడ పుట్టి ఉంటే మీరు ఈ దేశపు పౌరులే, మీకు కార్డు అక్కర్లేదు, ఏ కౌంటీయో తెలియజేయండి అని రాశారు. దామోదర్‌గారు కాసేపు ఆలోచనలో పడ్డారు. ఆయన ఏం ఆలోచిస్తున్నారో మీనాక్షికి అర్థమై, అన్నయ్యగారూ వద్దు అంది.

కాదు, చైనాలోది అని జవాబు రాశాం. చైనాలో ఉంటే ఫ్రాన్స్ అని ఎందుకు రాశారని రెండో ఉత్తరం. అప్పుడు దామోదర్‌గారు యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టారు. మా ఇంటి బల్ల మీద చైనా మ్యాపు పరుచుకుంది. అన్నం తినాలంటే దాన్ని మడత పెట్టాలి. మడత పెట్టనిచ్చేవారు కాదు.

పద్దెనిమిది వందల తొంభై ఎనిమిదిలో ఫ్రెంచివాళ్ళు పడవల్లో వచ్చి దిగారు. మరుసటి ఏడు చైనా రాజు చేత తొంభై తొమ్మిదేళ్ళకు లీజు రాయించుకున్నారు. అంతా కలిపి క్వాంగ్‌చౌవాన్ అన్నారు. అందులో ముఖ్యపట్నానికి ఒక ఓడ పేరు పెట్టి ఫోర్‌బయార్ అన్నారు. పారిస్‌లో మంత్రి, హనోయ్‌లో గవర్నర్ జనరల్, ఆయన కింద ఈ పట్నంలో ఒక పెద్ద అడ్మినిస్ట్రేటర్, ఆయన కింద చిన్న దొరలు, వాళ్ళ కింద హనోయ్, సైగాను వైపు అనాం గుమాస్తాలు, మనవైపు గుమాస్తాలు, అందరి కింద చైనా ఊరిపెద్దలు. నలభై మూడులో జపాన్‌వాళ్ళు వచ్చి కూర్చున్నారు. నలభై ఐదులో చైనాకు తిరిగి వచ్చింది. జాన్‌జియాంగ్ అని కొత్త పేరు పెట్టారు. ఇదంతా ఆయన ఒకసారి చెబితే బాగుండేది. కొత్త పుస్తకం దొరికినప్పుడల్లా మొదటి పడవ దగ్గర్నుంచీ చెప్పేవారు. మీనాక్షి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకునేది. తోమడానికి అంట్లు లేకపోయినా తిప్పుకునేది.

ఒకసారి మాత్రం నేను నోరు జారాను. లీజంటే కౌలే కదా అన్నాను. ఆయన అవునన్నారు. తొంభై తొమ్మిదేళ్ళు దున్నినవాడిదే భూమి అన్నాను. కౌలు రైతును, అంతకంటే ఇంకేం అంటాను? ఆయన బల్ల మీద కొట్టారు.

"చూశావా చెల్లెమ్మా? బావగారు కూడా ఫ్రాన్స్‌దే అంటున్నారు. వ్యవసాయదారుడి న్యాయం. ఇది పెడదాం."

పెట్టారు. ఒక పేరా అంతా నా మాటే. ఇంగ్లీషులో రాస్తే అది నాదో కాదో నాకే తెలియలేదు. అలా ఆయన పేజీలు పెరిగాయి. ఆఫీసు నుంచి మూడో ఉత్తరం వచ్చింది. లీజుకిచ్చినా భూమి చైనాదే, మిమ్మల్ని చైనా వరసలోకి మార్చాం అన్నారు. పైగా పాస్‌పోర్టులో ఇండియా, అప్లికేషన్‌లో ఫ్రాన్స్, జవాబులో చైనా, ఒక మనిషి మూడు దేశాల్లో ఎలా పుట్టిందో ఎనభై నాలుగు మే నెలలో షార్లెట్ ఆఫీసుకు వచ్చి చెప్పమన్నారు. సమాధానం సరిగా లేకపోతే కేసు మూసేస్తారట.

ఆ ఉత్తరం చదివి మీనాక్షి మడిచి కవరులో పెట్టేసింది. ఆ తర్వాత, ఇంటికి వెళ్ళేటప్పుడు మిక్సీ తీసుకెళ్ళొచ్చా, అక్కడి కరెంటుకు పనికొస్తుందా అని అడిగింది. అప్పుడు నాకు దామోదర్‌గారి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆయన మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. ఇంటర్వ్యూ అంటే ఆయనకు పరీక్ష రాసినట్టు. ఇంటర్వ్యూకు వారం ముందు పొద్దున్నే పేపరు పట్టుకొని తలుపు కొట్టారు. చైనావాళ్ళు విదేశీ వ్యాపారానికి పద్నాలుగు రేవులు తెరిచారట.

"మన ఊరు కూడా ఉంది బావగారూ."

ఎవరి ఊరండీ అన్నాను. ఆయనకు వినబడలేదు. నిరుడు అక్కడ జిల్లాను తీసేసి తాలూకాలన్నీ పట్నం కింద కలిపేశారని, స్టేటస్ మళ్ళీ మారింది కాబట్టి ఇంకో రెండు పేజీలు కలపాలని చెప్పి వెళ్ళిపోయారు.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. నా తరఫున దుబాసీగా తానే వస్తానన్నారు. వద్దనలేకపోయాం. శశికళగారు, అంటే ఆయన భార్య, దారిలో తినమని పులిహోర కట్టి ఇస్తూ నాతో మెల్లిగా, ఆయన్ని ఎక్కువ మాట్లాడనివ్వకండి అన్నయ్యగారూ అన్నారు. పాతికేళ్ళ నుంచి ఆవిడ వల్ల కానిది నా వల్ల ఏమవుతుంది?

షార్లెట్‌కు కారులో దాదాపు మూడు గంటలు. నేను డ్రైవ్ చేశాను. ఆయన పక్క సీట్లో కూర్చొని పేజీలు పైకి చదివారు. మీనాక్షి వెనక సీట్లో కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు. అద్దంలో రెప్పలు కదలడం కనిపిస్తూనే ఉంది.

ఆఫీసరు పెద్దావిడ. కళ్ళజోడు గొలుసుకు కట్టి మెడలో వేసుకుంది. బల్ల మీద మా ఫైలు ఇటుకంత మందాన ఉంది. మా ముగ్గురినీ కూర్చోమంది. దామోదర్‌గారు పేజీలు తీసి బల్ల మీద పెట్టబోయారు. మీరు ఎవరని అడిగింది. నాకు దుబాసీ అన్నారు. అయితే ఆయన మాట్లాడినప్పుడు మీరు మాట్లాడండి అంది. నేను మాట్లాడే మనిషిని కాను. అందువల్ల ఆయనకు కొంతసేపు నోరు కట్టేసినట్టయింది.

మూడు దేశాలు ఎలా వచ్చాయో చెప్పమని మీనాక్షిని అడిగింది. మీనాక్షి ఆస్పత్రిలో డాక్టర్లకు చెప్పినట్టు నిమ్మళంగా ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థమైనంత వరకూ ఇది.

"పాస్‌పోర్టులో ఉన్నది మా నాన్నగారి ఊరు. బడిలో అడిగితే అది చెప్పారు. మా దగ్గర అందరికీ అంతే. నేను పుట్టింది ఫోర్‌బయార్‌లో. అది ఏ దేశానిదో నాకు తెలియదు. మా అమ్మను ఒక గదిలో పడుకోబెట్టారు. మర్నాడు ఆ మంచం మీద దుప్పటి మాత్రమే ఉంది. నాకు గుర్తున్నది అదొక్కటే. బయట ఏ జెండా ఉండేదో చూడలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసింది.  దామోదర్‌గారు పేజీలు ఒళ్ళో పెట్టుకున్నారు.

తర్వాత ఆవిడ ఒక లావుపాటి పుస్తకం తెరిచి చూపించింది. అప్పుడు ఎవరు ఏలారో మాకు పనిలేదు, ఇవాళ ఆ పట్నం ఎవరిదో అదే లెక్క, ఇవాళ అది చైనాది అంది. అబద్ధం చెప్పారని రాయను, కేసు మూయను అంది. కానీ చైనా వరస మీరు అప్లై చేసిన తేదీ దాకా రాలేదు, ఏడాది పైన పట్టొచ్చు, జూన్ తర్వాత మీరు ఇక్కడ ఉండటానికి వీల్లేదు, వెళ్ళి అక్కణ్ణుంచి ఎదురుచూడండి అంది. మీనాక్షి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు ఒకసారి తీసి మళ్ళీ వేసింది. లోపల్నుంచి ఏమీ తియ్యలేదు.

దామోదర్‌గారు ఉండబట్టలేక లీజు గురించి ఎత్తుకున్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఫైలు మూయబోతూ నా వైపు చూసింది. ఈయన భర్తే కదా, ఈయన ఎక్కడ పుట్టాడు అని అడిగింది.

దామోదర్‌గారు వెంటనే అందుకున్నారు. ఇంజరం అని, అక్కడ ఇంగ్లీషువాళ్ళ కంపెనీకి బట్టల వ్యాపారం ఉండేదని చెప్పుకుపోతున్నారు. నేను ఇంకా నోరు తెరవనే లేదు.

"నేను అడిగింది ఆయన్ని," అంది ఆవిడ.

నా పాస్‌పోర్టులో ఇంజరం అనే ఉంది. అది మా నాన్న ఊరు. నేను తొలిచూలు బిడ్డను. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా పోస్తారు? మా అమ్మ పుట్టిల్లు యానాంలో. ఇంజరం నుంచి నడిచి వెళ్ళొచ్చు. అప్పుడు అది ఫ్రెంచివాళ్ళది. ఇంజరం అంటే కాగితానికి సరిపోతుంది, ఏ గొడవా లేదు. యానాం అంటే నా పాస్‌పోర్టులోనూ తేడా, మళ్ళీ ఫ్రాన్స్ మాట, మళ్ళీ ఉత్తరాలు. ఈ సంగతి దామోదర్‌గారికి తెలుసు. బల్ల కింద ఆయన బూటు నా కాలిని తొక్కింది. ఇంజరం అనమని.

ఆ బూటు తగలగానే నాకు ఒళ్ళు మండింది. పక్కన మీనాక్షి ఇప్పుడే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను పుట్టిన చోటు కూడా ఈయనే నిర్ణయిస్తారా?

"యానాం," అన్నాను. "ఇండియా."

మీనాక్షి కళ్ళు మూసుకుంది. ఆఫీసరు పుస్తకంలో పేజీలు తిప్పి వేలితో వెతికింది. దొరికింది. ఇవాళ ఇండియాదే అని తల ఊపింది. మరి ఈ పాస్‌పోర్టులో ఇంకో ఊరు ఉందేమిటని అడిగింది. ఫాదర్ విలేజ్ అన్నాను. ఆవిడ నన్నూ, మీనాక్షినీ మార్చి మార్చి చూసింది.

"మీవాళ్ళందరూ ఇంతేనా?"

"అందరూ," అంది మీనాక్షి.

ఆవిడకు నవ్వు వచ్చింది. అప్పుడు చెప్పింది. భార్యాభర్తలు కలిసి అప్లై చేస్తే ఇద్దరిలో ఎవరి వరస ముందుంటే ఇద్దరూ ఆ వరసలో నిలబడొచ్చట. ఇండియా వరస మా తేదీని దాటిపోయి ఆరు నెలలైందట. ఇవాళే రాసేస్తాను, కార్డులు పోస్టులో వస్తాయి అంది. ఈ ముక్క ముందే చెబితే బాగుండేది కదా అని దామోదర్‌గారు గొణిగారు. ఆవిడ ఫైలు మీద చెయ్యి వేసింది.

"ఈయన గురించి మీరు ఒక్క లైను రాయలేదు. రెండేళ్ళుగా మీరు పంపినదంతా ఆ పట్నం గురించే."

కార్డులో మీనాక్షి పుట్టిన దేశం మాత్రం చైనా అనే ఉంటుంది, సరేనా అని అడిగింది. మీనాక్షి సరేనంది.

తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. ఇద్దరికీ కార్డు వస్తుందన్న సంతోషం ఇంకా ఒంటికి పట్టలేదు. ఇంకో సంగతి నన్ను తొలుస్తోంది. పాస్‌పోర్టులో ఉన్నట్టు యానాం అని రాసి ఊరుకుంటే ఇండియా వరసలోనే ఈపాటికి వచ్చి ఉండేది. రెండేళ్ళు నేను అంట్లు తోముకుంటూ కూర్చోనక్కర్లేదు. ఈ మాట దామోదర్‌గారితో ఎలా అనాలా అని వాక్యాలు కూర్చుకుంటున్నాను. గ్రీన్స్‌బరో దాటాక ఆయనే గొంతు సవరించుకున్నారు.

"బావగారూ, కేసు మూయను అందంటే ఆవిడ మన పేజీలు ముందే చదివి ఉంటుందంటారా? ఏ పాయింట్ దగ్గర కన్విన్స్ అయి ఉంటుంది?"

నేను కూర్చుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. వెనక నుంచి మీనాక్షి, ఏవండీ కారు ఆపండి అంది. రోడ్డు పక్కన ప్రయాణికులు ఆగే చోటు ఉంటే తిప్పి ఆపాను. ముగ్గురం దిగాం. పైన్ చెట్ల కింద బల్లలు, చెత్త డబ్బాలు ఉన్నాయి. ఎవరో తెల్లవాళ్ళు కుక్కను తిప్పుతున్నారు. మీనాక్షి దామోదర్‌గారి ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యగారూ, మీరు మా మంచికే చేశారు. నాకు తెలుసు. కానీ ఆ ఊరంటే నాకు మా అమ్మ. దాన్ని మీరు ఖాళీ లైను చూసి ఒకసారి ఫ్రాన్స్ అన్నారు, ఒకసారి చైనా అన్నారు. రెండేళ్ళు మా అన్నం బల్ల మీద పరిచారు. మా అమ్మ ఎలా పోయిందని ఒక్కసారీ అడగలేదు."

నాతో కాపరానికి వచ్చాక ఆవిడ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. దామోదర్‌గారు నేల చూపులు చూశారు. చెల్లెమ్మా నాకు తట్టలేదమ్మా అన్నారు. నిజంగానే తట్టలేదని మొహం చూస్తే తెలుస్తోంది. కారులోంచి పేజీలు తీసి చెత్త డబ్బా వైపు నడిచారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అవి ఇటివ్వండి," అంది మీనాక్షి. "అందులో ఆస్పత్రి ఎక్కడుందో రాశారా?"

ఆయన ఆగిపోయారు. లేదమ్మా, పరిపాలన గురించే రాశాను, గవర్నరు, అడ్మినిస్ట్రేటరు, పన్నులు అన్నారు. సమాధులు ఎటువైపు ఉండేవో రాశారా అని అడిగింది. అదీ లేదన్నారు. అయితే అవి కనుక్కోండి అంది.

నేను అడ్డం పడి ఏదో అనబోయాను. ఇద్దరూ నా వైపు చూడలేదు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. కారు బానెట్టు మీద పేజీలు తిరగేసి, వెనక వైపు ఖాళీగా ఉన్న చోట ఒక గీత గీశారు. ఇది సముద్రం అనుకుందాం అన్నారు.

"గదిలో కిటికీ ఉండేదా చెల్లెమ్మా? పడవలు కనిపించేవా?"

మీనాక్షి ఆలోచించింది.

"కనిపించేవి. పొద్దున ఎండ మంచం మీద పడేది."

అయితే తూర్పు అని ఆయన ఇంకో గీత గీశారు. ఆవిడ వంగి చూసింది. ఎండ బాగా ఎక్కింది. ఇంటికి ఇంకా గంట పైన దారి ఉంది. నేను తాళంచెవి చేతిలో పట్టుకొని నిలబడ్డాను. వాళ్ళిద్దరూ ఇప్పట్లో కదిలేటట్టు లేరు.